సైట్‌లో డబ్బాలు దిగుతున్నాయి కదా అని షేర్ కొనొచ్చా?

ప్రశ్న: అన్నా, టవర్ సైట్లలో పరికరాలు బిగించే సబ్‌కాంట్రాక్టర్ దగ్గర ఆరేళ్ళుగా ఫీల్డ్ ఇంజనీర్‌ని. ఈ మధ్య అన్నీ స్వాప్ సైట్లే, పాత కంపెనీ రేడియోలు (టవర్ మీద ఫోన్ సిగ్నల్ పంపే పరికరాలు) దింపి కొత్త కంపెనీవి ఎక్కించడం. ఆ కొత్త కంపెనీకి పెద్ద ఆర్డర్ వచ్చిందని న్యూస్‌లో కూడా వచ్చింది. సేవింగ్స్‌లో సగం ఆ షేర్‌లో పెట్టేశా, ఇప్పుడు పర్సనల్ లోన్ తీసుకుని ఇంకొన్ని కొందామనుకుంటున్నా. కరెక్టేనా?

జవాబు: ముందు లోన్ సంగతి తేల్చేద్దాం బ్రదర్, వద్దు. ఈఎంఐ తారీఖుకి టంచనుగా వస్తుంది, షేర్ పెరగడానికి తారీఖంటూ ఏం ఉండదు. దాని మీద ఇంక మాట్లాడేదేం లేదు.

ఇక అసలు విషయం. సైట్‌లో కళ్ళారా చూస్తున్నారు కాబట్టి అందరికంటే ముందు మీకే తెలిసిందనుకుంటున్నారు, లెక్క తప్పేది అక్కడే. డబ్బా లారీలోంచి దిగి మీ చేతికొచ్చేసరికి ఆ ఆర్డర్ బేరాలయ్యి, సంతకాలయ్యి, న్యూస్‌లో వచ్చి, షేర్ రేటులో కలిసిపోయి ఎప్పుడో అయిపోయుంటుంది. మీ కళ్ళ ముందు జరిగేది ఆర్డర్ రావడం కాదు, కరిగిపోవడం. ఇంకో మాట, మీరు దింపుతున్న ఆ పాత రేడియో కూడా ఒకప్పుడు ఎవరో పెద్ద ఆర్డర్ కొట్టామని పండగ చేసుకున్నదే కదా.

ఈ బిజినెస్‌లో పెద్దగా అమ్మేవాళ్ళు హువావే, ఎరిక్సన్, నోకియా, జెడ్‌టీఈ, శాంసంగ్, అంతే. కానీ కొనేవాళ్ళు ఇంకా తక్కువ, ఒక్కో దేశంలో చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఆపరేటర్లు, దాంతో బేరం ఎప్పుడూ వాళ్ళ చేతిలోనే ఉంటుంది. 2020లో అమెరికాలో వెరైజన్ అనే ఆపరేటర్ 660 కోట్ల డాలర్లకు పైగా ఉన్న ఆర్డర్ శాంసంగ్‌కి ఇచ్చింది, 2023 డిసెంబర్‌లో అక్కడి ఇంకో ఆపరేటర్ ఏటీ అండ్ టీ ఐదేళ్ళలో 1,400 కోట్ల డాలర్ల దాకా వెళ్ళొచ్చన్న ఆర్డర్ ఎరిక్సన్‌కి ఇచ్చింది, రెండుసార్లూ దెబ్బ తిన్నది అప్పటికే అక్కడ సరుకు సప్లై చేస్తున్న నోకియానే. పోనీ గెలిచినవాళ్ళకి భరోసానా అంటే అదీ లేదు, స్వీడన్ 2020లో తన 5జీలో చైనా కంపెనీలు వద్దంది, మరుసటి ఏడాది చైనా మొబైల్ అనే అక్కడి ఆపరేటర్ టెండర్లో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్ వాటా 11 శాతం నుంచి 2 శాతం దగ్గరికి పడింది. రేడియోలో లోపమేం లేదు, రాజకీయం అంతే.

మన దగ్గరా చూశాం. 2022 అక్టోబర్‌లో 5జీ మొదలయ్యాక 2023లో నోకియాకి ఇండియా అమ్మకాలు రెట్టింపు దాటాయి, రోలవుట్ స్లో అయ్యేసరికి 2024లో మళ్ళీ సగానికి దగ్గరగా పడ్డాయి. కస్టమర్ ఎక్కడికీ పోలేదు, బిగించాల్సిన సైట్లు అయిపోయాయి అంతే.

అందుకే ఆర్డర్ ఎంత అన్నది కాదు, ఎంత మార్జిన్‌కి ఒప్పుకున్నారు, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది అన్నది చూడాలి. ఏటీ (బిగించాక చేసే యాక్సెప్టెన్స్ టెస్ట్) పాస్ కాకుండా బిల్లు కదలదని మీకు నేను చెప్పక్కర్లేదు, కంపెనీకైనా అంతే. రిజల్ట్స్‌లో అమ్మకాలు పెరిగి, రావాల్సిన బాకీలు అంతకంటే స్పీడుగా పెరుగుతుంటే నాకైతే డౌటే. (నేనూ ఒకప్పుడు ఆర్డర్ హెడ్‌లైన్ చూసి ఒక షేర్ కొన్నా, రెండేళ్ళు దాన్ని ఓపెన్ చేసి చూడాలంటేనే చిరాకేసేది.)

ఇవన్నీ పక్కన పెట్టినా మీ విషయంలో నాకు భయమేసేది ఇంకోటి, మీ జీతమూ మీ షేర్లూ ఒకే లారీ మీద వస్తున్నాయి. డబ్బాలు ఆగిన రోజు సబ్‌కాంట్రాక్టర్ ముందు తీసేసేది ఫీల్డ్ టీమ్‌నే, సరిగ్గా అప్పుడే షేర్ కూడా పడుతుంది, చేతిలో ఏం లేక అదే రేటుకి అమ్ముకోవాల్సొస్తుంది. కెనడాలో నోర్టెల్ అని టెలికామ్ పరికరాల కంపెనీ ఉండేది, 2000లో టొరంటో మార్కెట్ ఇండెక్స్‌లో మూడో వంతు దాని ఒక్కదానిదే, 2009 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. అక్కడే ఉద్యోగం చేస్తూ అక్కడి షేర్లే దాచుకున్నవాళ్ళకి రెండూ పోయాయి.

కాబట్టి ఇలా చేయండి. ఆ షేర్‌ని ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతల్లో అమ్ముతూ మొత్తం సేవింగ్స్‌లో 5 శాతానికి తీసుకురండి, పడితే చూద్దాం పెరిగితే చూద్దాం అని ఆగకుండా ముందే తేదీలు రాసిపెట్టుకుని. వచ్చిన డబ్బులో ముందు ఇంటి ఖర్చుకి తొమ్మిది నెలలకి సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, మామూలుగా ఆర్నెల్లు చాలంటా కానీ మీది ప్రాజెక్ట్ ఉన్నన్నాళ్ళే ఉండే పని. మిగిలింది నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లోకి (మార్కెట్ ఇండెక్స్‌లోని కంపెనీలన్నిట్లో కొంచెం కొంచెం పెట్టే ఫండ్), అందులో టెలికామ్ కూడా కొంచెం ఉంటుంది లెండి, మీకేం లోటు రాదు.

ఇప్పుడు చేతిలో ఉన్న క్యాష్ ఎన్ని నెలల ఖర్చుకి వస్తుందో, షేర్ ఏ తేదీల్లో ఎంతకి కొన్నారో రాసి పంపండి, ఏ విడతలో ఎంత అమ్మాలో, ట్యాక్స్ ఎంత పడుతుందో దాన్ని బట్టి చెప్తా.