కష్టాల్లో ఏడిస్తే, దేవుణ్ణి "ఎందుకిలా" అని అడిగితే విశ్వాసం లేనట్టా?

కాదండి, ఏడవడం, దేవుణ్ణి ఎందుకిలా అని అడగడం విశ్వాసం తగ్గినట్టు కాదు, బైబిల్లో 150 కీర్తనల్లో చాలా వాటిలో ఇలాంటి మొరలే ఉన్నాయి, 13వ కీర్తనైతే "ఎంతవరకు" అనే మొదలవుతుంది. బైబిల్లోని యోబు గ్రంథంలో ఎన్నో కష్టాలు పడ్డ భక్తుడు యోబునే చూడండి, పిల్లలందరూ పోయి, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటూ, 3వ అధ్యాయంలో తను పుట్టిన రోజునే శపించాడు, అయినా 42:7లో దేవుడు కోప్పడింది నీతులు చెప్పిన ఫ్రెండ్స్ మీద, యోబే సరిగ్గా మాట్లాడాడన్నాడు.

మన హైదరాబాద్‌లో హాస్పిటల్ బెడ్ దగ్గరికి ప్రేయర్‌కి వచ్చినవాళ్ళు "ఏడవకూడదమ్మా, స్తుతించు" అంటుంటారు, ప్రేమతోనే అంటారు గానీ అసలు అపార్థం అక్కడే. బైబిల్లోనే యాకోబు పత్రిక 5:11లో చెప్పిన యోబు సహనం అంటే నోరు మూసుకోవడం కాదు, ఆ గ్రీకు మాటకి బరువు కింద నిలబడి ఉండటం అని అర్థం, యోబు అరిచింది కూడా దేవుడి వైపు తిరిగే.