ఫోన్ ఎత్తక్కర్లేని ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేసింది. మార్కులు బాగానే ఉన్నాయి. కానీ ఫోన్ మోగితే చాలు, చెమటలు పట్టేస్తాయి. తను ఎవరికీ చేయదు, ఎవరు చేసినా ఎత్తదు. కంపెనీల కాల్స్ వస్తే నేనే మాట్లాడి, ‘స్నానం చేస్తోంది, నాకు చెప్పండి’ అంటున్నాను. ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా ఇంట్లోంచే చేసుకోవచ్చని డేటా అనలిటిక్స్ కోర్సులో చేర్చమంటున్నారు. బ్యాంకు పరీక్షల కోచింగ్ ఇంకో ఆలోచన. రెండింటిలో ఏది మేలు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు రెండు కోర్సుల గురించి అడిగారు గానీ, మీ బెంగంతా ఫోన్ గురించే. కాలేజీలు అయిపోయే రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అందుకే సూటిగా చెప్పేస్తాను. ఫోన్ ఎత్తక్కర్లేని ఉద్యోగమంటూ లేదు. దానికోసం వెతకాల్సినంత పెద్ద జబ్బూ మీ అమ్మాయికి ఉన్నట్టు లేదు. కాల్స్ అంటే భయపడి, ఏడాది తిరక్కుండా టీమ్ మీటింగుల్లో మామూలుగా మాట్లాడుతున్న పిల్లలు నాకు బాగా తెలుసు.

ముందు డేటా అనలిటిక్స్ సంగతి. ఆ పనిని నేను తక్కువ చేయను. కానీ ‘మాట్లాడే పని ఉండదు’ అని దాన్ని అమ్మే తీరు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా ఈ కోర్సు పోస్టరే. అక్కడ డేటా తీసి రిపోర్టులు చేసే ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ లాంటి టూల్స్ నేర్పుతారు, సరే. ఉద్యోగంలో చేరాక ఏమవుతుంది? సేల్స్ మేనేజర్ ‘రిపోర్టు తేడాగా ఉంది’ అని ఒక్క ముక్క మెసేజ్ పెడతాడు. ఏం తేడానో, ఆయనకు నిజంగా ఏ లెక్క కావాలో అడిగి రాబట్టాలి. అనలిస్టు పనిలో సగం అదే. ఇంటి నుంచి పనయితే కాల్స్ ఇంకా పెరుగుతాయి. పక్క సీటు వాళ్లను అడిగే చిన్న సందేహానికి కూడా కాల్ చేయాల్సిందే. కెమెరా ఆపేసిన మీటింగుకీ ఫోన్ కాల్‌కీ పెద్ద తేడా ఏముంది? అమెరికా క్లయింటయితే అది రాత్రిపూట. పైగా ఫ్రెషర్లను వడపోసే మొదటి మెట్టు చాలా కంపెనీల్లో హెచ్‌ఆర్ ఫోనే. భయానికి మందని వేలకు వేలు పోసి కోర్సు కొంటే, చివర్లో ఆ ఫోనే మోగుతుంది.

బ్యాంకు పరీక్షల వివరాలు మీకు తెలిసే ఉంటాయి. ఒక్క మాట చెబుతాను. ఆఫీసరయ్యాక వాయిదా కట్టనివాళ్లకు ఫోన్ చేయాలి, కౌంటర్ ముందు కోపంగా నిలబడ్డవాళ్లకు సర్దిచెప్పాలి. అంకెలు ఇష్టమైతే అనలిటిక్స్, స్థిరమైన ఉద్యోగమే ముఖ్యమైతే బ్యాంకు. ఫోన్‌ను మాత్రం ఈ లెక్కలోంచి తీసేయండి.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది. కోపం తెచ్చుకోకండి. ‘స్నానం చేస్తోంది, నాకు చెప్పండి’ అన్నారే, అవతల హెచ్‌ఆర్ వాళ్లు ఏమనుకుని ఉంటారు? తన ఉద్యోగం గురించి తను మాట్లాడలేని అమ్మాయి అనుకుంటారు. అంతకంటే పెద్ద నష్టం ఇంట్లో జరుగుతోంది. మీరు ఫోన్ అందుకున్న ప్రతిసారీ ఆమెకు అప్పటికప్పుడు హాయిగా ఉంటుంది. ఆ హాయి అలవాటై, ఈసారి మోగినప్పుడు భయం ఇంకాస్త ముదురుతుంది. తప్పించుకున్న కొద్దీ పెరగడమే ఈ భయం లక్షణం.

ఇంకోటి. మన పిల్లలకు ఫోన్ మాట్లాడటం ఎలా అలవాటైందో గుర్తు చేసుకోండి. అమెరికా మామయ్య లైన్లో ఉన్నాడంటూ, ఆడుకుంటున్న పిల్ల చెవికి ఫోన్ అదిమి ‘మాట్లాడు, మాట్లాడు’ అంటాం. ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పరు. ఇంటర్‌లో హాస్టల్లో వేస్తే సొంత ఫోన్ ఉండదు. ఆదివారం వార్డెన్ ఫోన్ నుంచి, వెనకాల క్యూ నిలబడి వింటుంటే మాట్లాడాలి. మనం అడిగేది ‘వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి?’ అని. అలా పెరిగిన పిల్లకు రింగ్ వినగానే వైవా పిలుపులా అనిపించడంలో వింతేముంది?

ఫోన్‌లో నిజంగానే ఒక ఇబ్బంది ఉంది. ఎదుటి మనిషి ముఖం కనపడదు. అవతలివాళ్లు రెండు క్షణాలు ఆగితే, రాసుకుంటున్నారో విసుక్కుంటున్నారో తెలియదు. భయస్తులు రెండోదే అనుకుంటారు. ‘లైన్లో ఉన్నారా అండీ?’ అని అడిగితే తేలిపోతుందని అమ్మాయికి చెప్పండి.

ముందు ఒకటి కనుక్కోండి. తెలుగులో మాట్లాడే కాల్స్‌కూ ఇంతే టెన్షనా? ఇంగ్లిష్ కాల్స్‌కే అయితే అది ఫోన్ భయం కాదు, ఇంగ్లిష్ మొహమాటం. స్నేహితురాలితో రోజూ కాసేపు ఇంగ్లిష్‌లో ఫోన్ మాట్లాడితే చాలావరకు పోతుంది.

రెండింటికీ భయపడుతుంటే కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి. రైల్వే 139కి చేసి ఏదైనా రైలు టైం కనుక్కోమనండి. అక్కడ ముందు పలికేది మెషీనే, ఎవరూ ఏమీ అనుకోరు. తర్వాత మందుల షాపుకి చేసి ఫలానా టాబ్లెట్ ఉందా అని, గ్యాస్ ఏజెన్సీకి చేసి సిలిండర్ ఎప్పుడొస్తుందని అడగాలి. ఆ పైన కాలేజీ ఆఫీసు. ఒక్కో మెట్టు మీద విసుగొచ్చేదాకా ఉండి, అప్పుడు పైకి వెళ్లాలి. మాట్లాడాల్సిందంతా కాగితం మీద రాసుకోవద్దు. అవతలి మనిషి ఆ కాగితం ప్రకారం మాట్లాడరు కదా. మొదటి వాక్యం, అడగాల్సిన విషయం రాసుకుంటే చాలు. ‘సారీ అండీ, సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి చెప్తారా?’ అన్న మాట మాత్రం నోటికి రావాలి. హెచ్‌ఆర్ ఫోన్ చేసినప్పుడు కంగారుగా ఉంటే ‘పది నిమిషాల్లో నేనే చేయనా అండీ?’ అని అడగొచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

ఆమె మాట్లాడుతున్నప్పుడు మీరు మాత్రం ఎదురుగా నిలబడి ‘గట్టిగా, గట్టిగా’ అని చేతులు ఊపకండి. వేరే గదిలోకి వెళ్లండి. కాల్ అయ్యాక ‘ఏమన్నారు, నువ్వేమన్నావు’ అని పోస్టుమార్టం కూడా వద్దు.

తెలియని నంబర్లన్నీ ఎత్తి తీరాలని కాదు. 140తో మొదలయ్యేవి ప్రకటనల కాల్స్, వదిలేయొచ్చు. మామూలు మొబైల్ నంబర్ల నుంచి వచ్చేవి ఉద్యోగం వెతికే రోజుల్లో ఎత్తాలి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారంటే మాత్రం వెంటనే ఫోన్ పెట్టేయాలి. అక్కడ మర్యాదలు అక్కర్లేదు.

ఫోన్ ఒక్కటే కాకుండా, నలుగురిలో తినడానికీ షాపులో అడగడానికీ కూడా నెలల తరబడి గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఉంటే సైకాలజిస్టుకు చూపించండి. దీనికి మంచి చికిత్స ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అదీ ఫోనే అనుకోండి, ఏం చేస్తాం! ఆ ఒక్క కాల్ మాత్రం అవసరమైతే ముందు మీరు చేయొచ్చు.

కోర్సు ఫీజు ఇప్పుడే కట్టకండి. రెండు నెలలు ఈ మెట్లు ఎక్కనిచ్చి, తర్వాత ఏం చదవాలనుందో ఆమెనే అడగండి. ఈసారి నాకు ప్రశ్న కూడా మీ అమ్మాయే పంపితే బాగుంటుంది. మెయిల్ అయినా పర్వాలేదు.