డీజిల్‌గేట్, యాడ్‌బ్లూ కార్టెల్ ఒకటేనా?

"2021లో జర్మన్ కార్ల కంపెనీలకు పడ్డ జరిమానా ఫోక్స్‌వ్యాగన్ డీజిల్‌గేట్‌కేనా?" అని అడిగారు. కాదు. 2015లో బయటపడింది దొంగ సాఫ్ట్‌వేర్. ల్యాబ్‌లో పరీక్ష జరుగుతోందని కారు పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగ తగ్గించేది. 2021 కేసు కుమ్మక్కుది, అంటే కార్టెల్‌ది. డైమ్లర్ (మెర్సిడెస్ కార్ల కంపెనీ), బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వ్యాగన్, దాని గ్రూపులోవే అయిన ఆడి, పోర్షే 2009 జూన్ నుంచి 2014 అక్టోబరు దాకా తమ సాంకేతిక సమావేశాల్లో డీజిల్ పొగను శుభ్రపరిచే యాడ్‌బ్లూ ద్రవం ట్యాంకు సైజు, ఒకసారి నింపితే కారు వెళ్లే దూరం, సగటు వాడకం గురించి ఒక మాట అనుకున్నాయి.

ట్యాంకు సైజులో ఏముందని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. అసలు కీలకం అదే. యాడ్‌బ్లూలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. మన లారీల్లో పోసే డెఫ్ (డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్) కూడా ఇదే. వేడి పొగలోకి చిమ్మితే అమ్మోనియా పుడుతుంది. అది క్యాటలిస్టు (రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం) దగ్గర నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటిగా మారుస్తుంది. ఎక్కువ చిమ్మితే అమ్మోనియా బయటికొస్తుంది, తక్కువైతే ఆక్సైడ్లు మిగిలిపోయి ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరాడకుండా చేస్తాయి.

ఒక లెక్క వేసి చూడండి. 16,000 కిలోమీటర్ల దాకా మళ్లీ నింపే పని ఉండకూడదు, వెయ్యి కిలోమీటర్లకు లీటరున్నర కావాలి అనుకుందాం. 24 లీటర్ల ట్యాంకు పెట్టాలి. దానికి డిక్కీలో చోటు పోతుంది, బరువు, ఖర్చు పెరుగుతాయి. 8 లీటర్లదే పెడితే వెయ్యి కిలోమీటర్లకు అర లీటరే చిమ్మగలరు. అంటే ట్యాంకు కొలత ఖాయమైన రోజే పొగ ఎంత శుభ్రపడాలో కూడా సగం ఖాయమైపోతుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించాలి. చట్టం పెట్టిన పరిమితి దాటారన్నది ఈ కేసు కాదు. అంతకంటే బాగా శుభ్రం చేసే సత్తా ఉండి కూడా, ఆ విషయంలో పోటీ పడొద్దని ఒప్పుకోవడమే చట్టవిరుద్ధమని ఐరోపా సమాఖ్యలో పోటీ చట్టాలను అమలు చేసే యూరోపియన్ కమిషన్ తేల్చింది. నా దృష్టిలో ఇది చిన్న తప్పేమీ కాదు: పక్కవాడు ముందుకెళ్లడని భరోసా దొరికాక ఏ ఇంజినీరు మాత్రం పెద్ద ట్యాంకు కోసం పట్టుబడతాడు?

కంపెనీలు కలిసి కూర్చోవడమే తప్పని కూడా అనుకోకండి. యాడ్‌బ్లూ నాణ్యతా ప్రమాణాలు, ట్యాంకు మూతి కొలతల మీద వాళ్లు కలిసి చేసిన పనిని కమిషన్ తప్పుపట్టలేదు.

మొత్తం జరిమానా 87.5 కోట్ల యూరోలు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు సుమారు 50.2 కోట్లు, బీఎండబ్ల్యూకు 37.3 కోట్లు. గుట్టు విప్పింది డైమ్లర్ కాబట్టి దానికి పడాల్సిన 72.7 కోట్లు పూర్తిగా మాఫీ అయ్యాయి. ధరలో, మార్కెట్ పంపకంలో కాకుండా కేవలం సాంకేతికతను తొక్కిపట్టినందుకు శిక్షించడం ఇదే మొదటిసారి గనక అందరికీ 20 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు.