మార్కెట్ పడుతుంటే సిప్ ఆపేయాలా? ముందు చేతిలో నగదెంతో చూసుకోండి

మూడేళ్లుగా నెలకు 15,000 సిప్ (ప్రతి నెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత మొత్తం పెట్టే పద్ధతి) కడుతున్నాను, ఇప్పుడు అంతా ఎర్రగా కనిపిస్తోంది, కొన్నాళ్లు ఆపి మార్కెట్ కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టనా అని అడిగారు. ఆపొద్దు. అయితే ఆపకుండా ఉండడానికి గుండె నిబ్బరం ఒక్కటే చాలదు. భయపడి అమ్ముకునేవాళ్లు ఉంటారు, ఉద్యోగం పోయో, ఆసుపత్రి బిల్లు మీదపడో, చీటీ కట్టాల్సి వచ్చో అమ్ముకోక తప్పనివాళ్లూ ఉంటారు. ఈ రెండోవాళ్లకు ఎంత ఓపిక ఉన్నా ఉపయోగం లేదు.

కాబట్టి మొదట ఆరు నెలల ఖర్చు పక్కన ఉందో లేదో లెక్క వేయండి. ఇంటి ఖర్చు, ఈఎంఐలు, పిల్లల ఫీజులు, ఇన్సూరెన్స్ ప్రీమియంలు అన్నీ అందులోకి వస్తాయి. నెలకు 50,000 అయితే 3 లక్షలు. ఒక నెలది సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతా రెండున్నర లక్షలను 50 వేల చొప్పున ఐదు ఎఫ్‌డీలుగా వేయండి. అవసరానికి ఒకటి బ్రేక్ చేసినా మిగతా నాలుగింటి వడ్డీ చెక్కుచెదరదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, సొంత పాలసీ వేరే ఉండాలి. ఇవి లేకపోతే ముందు ఇవి సమకూర్చుకోండి. దానికోసం సిప్‌ను 15 నుంచి 8 వేలకు తగ్గించుకున్నా తప్పులేదు, అది భయపడి ఆపడం కిందికి రాదు.

ఇక ఆపితే ఏం పోతుందో చూద్దాం. ఫండ్ ఎన్‌ఏవీ, అంటే ఒక యూనిట్ ధర, ఐదు నెలల్లో 150, 120, 100, 120, 150 అయిందనుకోండి. ప్రతి నెలా 15,000 కడితే వరుసగా 100, 125, 150, 125, 100 యూనిట్లు వస్తాయి. మొత్తం 600. మీరు పెట్టింది 75,000, చివరికి విలువ 90,000. ఎన్‌ఏవీ మొదలైన చోటికే తిరిగొచ్చింది, అయినా 15,000 లాభం. మధ్య మూడు నెలలు ఆపినవాళ్లకు 200 యూనిట్లే ఉంటాయి, వాటి విలువ వాళ్లు పెట్టిన 30,000 దగ్గరే ఆగిపోతుంది. ఆ లాభమంతా వాళ్లు ఆపిన మూడు నెలల్లోనే ఉంది.

"కుదుటపడ్డాక" అన్నారు. అది ఏ రోజో తెలిసే వీలు లేదు. 2020 మార్చి 23న షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ ఒక్కరోజులో 13 శాతం పడింది. ఏప్రిల్ 7న ఒక్కరోజులో దాదాపు 9 శాతం లేచింది. అప్పటికి దేశమంతా లాక్‌డౌన్‌లో ఉంది, కేసులు ఇంకా పెరుగుతున్నాయి. మంచి వార్త కోసం కూర్చున్నవాళ్లకు ఆ రోజు దక్కలేదు. అదే ఏడాది నవంబర్‌కల్లా సూచీ పాత గరిష్ఠాన్ని దాటేసింది.

ప్రతి పతనం అంత త్వరగా కోలుకోదు, ఈ మాటా చెప్పాలి. 2008 జనవరిలో ఒక రోజు 20,800 పైన ముగిసిన మరో సూచీ సెన్సెక్స్ 2009 మార్చి 9న 8,160కి దిగింది. 2010 దీపావళికి మళ్లీ 21,000 తాకి జారిపోయింది, ఆ స్థాయిని గట్టిగా దాటడానికి 2013 చివరిదాకా పట్టింది. అందుకే ఐదేళ్లలోపు కావాల్సిన డబ్బు, అంటే అమ్మాయి కాలేజీ ఫీజు, ఇంటి డౌన్ పేమెంట్ లాంటివి ఈక్విటీలో (షేర్లలో, షేర్ల ఫండ్లలో) ఉండకూడదు. ఉంటే అవసరానికి రెండు మూడేళ్ల ముందు నుంచే విడతలుగా బయటికి తెచ్చుకోవాలి.

ఈ ఓపిక ఇండెక్స్ ఫండ్‌కూ (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నీ కొనే ఫండ్), పది రంగాల్లో పరుచుకున్న ఫండ్‌కూ వర్తిస్తుంది, ఒక్క కంపెనీ షేరుకు కాదు. 2009 జనవరి 7న మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడిన రోజు షేరు విలువలో నాలుగింట మూడొంతులకు పైగా ఆవిరైంది. పడుతోంది కదా అని అలాంటిదాన్ని కొంటూపోవడాన్ని క్రమశిక్షణ అనలేం.

మీ మొత్తం పెరిగాక ఇంకో సంగతి ఎదురవుతుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 20 లక్షలు చేరాక నెలకు వచ్చే 15,000 అందులో ఒక శాతం కూడా కాదు, కాబట్టి సిప్ వల్ల సగటు ధర తగ్గడం పేరుకే. అప్పుడు కాపాడేది ఈక్విటీ, డెట్ (ఎఫ్‌డీలు, బాండ్ల లాంటి వడ్డీ పెట్టుబడులు) నిష్పత్తి. 70:30 పెట్టుకున్నారనుకోండి: 14 లక్షలు, 6 లక్షలు. ఈక్విటీ 30 శాతం పడితే 9.8 లక్షలవుతుంది, మొత్తం 15.8 లక్షల్లో ఈక్విటీ వాటా 62 శాతానికి దిగుతుంది. మళ్లీ 70కి రావాలంటే డెట్ నుంచి 1.26 లక్షలు ఇటు మార్చాలి. ఏడాదికి ఒకసారి, ముందే పెట్టుకున్న తేదీన చూసి, తేడా 5 శాతం దాటితేనే కదపండి. పీఎఫ్‌ను డెట్ వాటాగా లెక్కేసుకున్నా అందులోంచి మొత్తాన్నీ అనుకున్నప్పుడు తీయలేరు, ఆ 30లో కొంతైనా త్వరగా చేతికొచ్చే లిక్విడ్ ఫండ్‌లో ఉండాలి. మార్కెట్ పెరిగి ఈక్విటీ వాటా 75 దాటినప్పుడు అమ్మాల్సివస్తే ఏడాది నిండిన యూనిట్లే అమ్మండి. ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు లాభంపై పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది నిండకుండా అమ్మితే 20 శాతం, చాలా ఫండ్లలో 1 శాతం ఎగ్జిట్ లోడ్ (ముందే అమ్మితే ఫండ్ కోసుకునే రుసుము) అదనం.

చివరిగా, మీ సిప్ నిజంగా నడుస్తోందా అన్నది ఈ వారమే చూసుకోండి. జీతం 1న పడితే సిప్ తేదీ 5 నుంచి 7 మధ్య పెట్టుకోండి. 28న పెట్టుకుంటే నెలాఖరుకు ఖాతా ఖాళీ అయి మాండేట్ (ఖాతా నుంచి సిప్ డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకు మీరిచ్చిన అనుమతి) బౌన్స్ అవుతుంది, బ్యాంకు పెనాల్టీ వేస్తుంది. నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు బౌన్స్ అయితే రద్దవుతుంది, ఆ ఎస్ఎంఎస్ మిగతా మెసేజ్‌ల కింద ఉండిపోతుంది. యాప్‌లో "యాక్టివ్" అని ఉంది కదా అని వదిలేయకుండా, స్టేట్‌మెంట్‌లో గత మూడు నెలలూ యూనిట్లు జమయ్యాయో లేదో చూడండి.