డెవన్ రెక్స్‌కు బ్రష్ వద్దు

ప్రశ్న: మా డెవన్ రెక్స్ పిల్లిని రోజూ బ్రష్‌తో దువ్వుతుంటే వీపు మీద బొచ్చు పలచబడింది. చెవుల్లో గోధుమరంగు గులిమి పేరుకుంటోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, లండన్

జవాబు: ముందు ఆ బ్రష్ పక్కన పడేయండి. 1960లో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో బయటపడ్డ ఈ జాతి ఉంగరాల వెంట్రుకలు మహా పెళుసు. మీసాలు కూడా విరుగుతాయి. వారానికోసారి తడిచేత్తో నిమిరితే ఊడినవి చేతికే వస్తాయి.

చర్మం మీది జిడ్డును పీల్చుకునేంత బొచ్చు లేదు కనుక ఆ జిడ్డు గోళ్ల మొదళ్లలో నల్లగా కడుతుంది. నెలకోసారి గోరువెచ్చని నీళ్లు, పిల్లుల షాంపూతో స్నానం చేయించండి. తువ్వాలుతో అద్దాలే తప్ప రుద్దొద్దు, వెంట్రుకలు తెగిపోతాయి.

చెవులను పిల్లుల చెవి ద్రావణంలో తడిపిన దూదితో, కంటికి కనిపించేంత వరకే తుడవాలి. ఇయర్‌బడ్ జోలికి పోవద్దు. గులిమి కాఫీపొడిలా రాలుతూ, పిల్లి అదేపనిగా గోక్కుంటుంటే చెవి పురుగులు కావచ్చు. అప్పుడు, లేదా బ్రష్ మానేసినా బొచ్చు గుండ్రంగా ఊడుతుంటే, పశువైద్యుడికి చూపించండి.