జవాబు: రెండో తరగతి బాబు కూడబలుక్కుని చదువుతున్నాడు

అక్కా, మీ వాడు అక్షరాలన్నీ చెప్తాడు, వాక్యం దగ్గరికొచ్చేసరికి కూడబలుక్కుంటాడు అన్నారు కదా. మా పాపదీ అదే కథ. మేం తిరుపతి బస్టాండు బోర్డులతో మొదలుపెట్టాం. ముందు రేణిగుంట, పలమనేరు, కాణిపాకం, వీటికి ఒత్తుల్లేవు. అవి కుదిరాక పుత్తూరు, చిత్తూరు, మదనపల్లె. శ్రీకాళహస్తి చివర్న! 'స్తి' దగ్గర వారం రోజులు ఆగింది. ఆగనివ్వండి.

ఇంట్లో ఒకే పేజీని మూడు నాలుగు రోజులు చదివించండి: మొదట మీరు వేలు పెట్టి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆపైన వాడొక్కడే. తడబడగానే అందించేయకండి, కాస్త ఆగండి.

రాతకి కాపీ రైటింగ్ కంటే అంగడి చీటీ నయం. మాది 'చింతపండు'ను 'చితపడు' అని రాసింది, సున్నాలు మింగేసి. నేను దిద్దలేదు. అంగడాయన చదివి నవ్వాక తనే పెట్టుకుంది.