పాపకు సబర్మతి అని పేరు పెట్టవచ్చా?

ఒంగోలులో పుట్టిన పాపకు గాంధీజీ ఆశ్రమం గుర్తుగా సబర్మతి అనే పేరు పెట్టడానికి చట్టం అడ్డు వస్తుందా అన్నది మీ ప్రశ్న. అడ్డు రాదు. చిహ్నాలు, పేర్ల దుర్వినియోగాన్ని నిరోధించే 1950 నాటి చట్టం వ్యాపారానికీ ట్రేడ్‌మార్కులకూ సంబంధించినదే తప్ప పిల్లల పేర్లకు వర్తించదు. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి గానీ, పేరు అప్పటికి తేలకపోయినా ఇబ్బంది లేదు. 12 నెలల లోపు ఆలస్య రుసుము లేకుండానే చేర్పించుకోవచ్చు.

పేరు చెవికి ఎలా వినిపిస్తుందన్నదే అసలు చూసుకోవలసిన విషయం. గంగ, యమున, గోదావరి అని పిలవడం మనకు అలవాటే కనుక, నది పేరైన సబర్మతి ఆడపిల్లకు సహజంగానే అమరుతుంది. అదే గాంధీజీ సత్యాగ్రహం చేసిన బిహార్‌లోని చంపారన్ పేరు పెడితే, దేశభక్తి ఎంత ఉన్నా, బడిలో తోటిపిల్లలు 'చంపు' దగ్గరే ఆగిపోతారు. బారసాలనాడు బియ్యంలో ఉంగరంతో రాసేటప్పుడు లేని చిక్కు ఇంగ్లీషు అక్షరాలతో వస్తుంది: గుజరాత్‌లో చివర 'టీ, ఐ' రాస్తే, మనవాళ్లు మధ్యలో 'హెచ్' చేరుస్తారు. జనన ధ్రువపత్రంలో ఏది రాయిస్తే ఆధార్‌లోనూ అదే ఉండేలా చూసుకోండి.

అన్నట్టు, మన ప్రాంతంలో ఆనవాయితీ తిరగబడి ఉంది: టంగుటూరి ప్రకాశం పంతులు పేరు 1972లో ఈ జిల్లాకు వచ్చింది, పొట్టి శ్రీరాములు పేరు నెల్లూరుకు చేరింది. దగ్గరి పేరే కావాలనుకుంటే, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన నెల్లూరు జిల్లా పల్లిపాడు ఆశ్రమానికి పెన్నానది పాత పేరే పెట్టారు: పినాకిని. నా మటుకు అదే బాగుంది.